కరీం ఎడమ పాదం

1963 జూలై 25, గురువారం

నిన్న కరీంను మట్టిలో పెట్టి వచ్చాం. నేనూ మూడు పిడికిళ్ళు వేశాను. వానకు తడిసిన మట్టి. గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది. డిస్పెన్సరీ సబ్బుతో రెండుసార్లు రుద్దాను. పోలేదు.

మిల్లు నడవలేదు. పొద్దుటి కూత వేశారు, గేటు తీశారు, ఒక్కరూ లోపలికి పోలేదు. గిర్మాజీపేట దుకాణాలన్నీ మూత. నర్సంపేట నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు జనం. ఫుట్‌బాల్ టోర్నమెంటు రోజుల్లో ఏడాదికి ఒకసారి మా మిల్లు గ్రౌండుకు వచ్చి కరీం ఆట చూసి పోయేవాళ్ళు. ఒక ముసలాయన నా భుజం పట్టుకున్నాడు. పట్టుకుని నిలబడ్డాడు, అంతే.

వాడికి ఇరవై నాలుగేళ్ళు.

ఈ డైరీ మందుల కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఇందులో పిల్లల జ్వరాలు, చర్చిలో నేను వాక్యం చదవాల్సిన ఆదివారాలు తప్ప ఏమీ లేవు. ఇవాళ ఎందుకు తీశానో...

జూలై 26, శుక్రవారం

డిస్పెన్సరీ తెరిచాను. దగ్గుకు, విరేచనాలకు, యంత్రంలో నలిగిన వేలికి. మందు కలిపి ఇస్తున్నాను. చేతులు వాటంతట అవే చేస్తున్నాయి. పన్నెండేళ్ళ కాంపౌండరు పని.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. దెబ్బకు కట్టు కట్టింది నువ్వే కదా, ఎంతుండె? బొటనవేలి గోరంత, అన్నాను. నిజంగా అంతే ఉండింది. గోరంత దెబ్బకు అంత మనిషి పోతాడా అని వాళ్ళే అనుకుని వెళ్ళిపోతున్నారు.

నిన్న మూడో దినం ఫాతెహా. కబురు పంపారు. కడుపునొప్పి అని చెప్పించాను.

జూలై 28, ఆదివారం

పాస్టరుగారు కరీం తల్లి మౌలాబమ్మ కోసం ప్రార్థన చేయించారు. ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న తల్లిని ఆదరించమన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నా నోరు తెరుచుకోలేదు.

నోరు తెరుచుకోలేదు అని రాసి, ఆ మాట వంక చూసి, కలం పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను.

వాడి ఆట రాసి పెట్టాలి. మరిచిపోతానని భయం. ఉన్నది ఒకటే ఫోటో. అందులో మొదటి వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా. అది కరీం కాదు. కరీం అంటే... బంతి వస్తుంది. అందరూ దాని మీదికి ఉరుకుతారు. వాడు ఆగుతాడు. ఒక్క క్షణం ఏమీ చేయడు. ఎదురొచ్చినవాడు తన జోరులో తనే పక్కకు పోతాడు. అప్పుడు ఎడమ కాలు. తన్నినట్టు ఉండదు, తలుపు తీసినట్టు ఉంటుంది. కిందపడినవాడికి చెయ్యిచ్చి లేపుతాడు. ఆ తరువాతే గోలు అయిందా లేదా అని తల తిప్పి చూస్తాడు.

బూట్లు వేసుకోడు. బూట్లేస్తే నేల తెలుస్తలేదన్నా, అనేవాడు. మ్యాచ్ ముందు పాదానికి గుడ్డపట్టీ చుట్టడం నా పని. టీము వెంట అయోడిన్ సీసా, నిమ్మకాయల సంచి పట్టుకుని ఆరేళ్ళు తిరిగాను. నా మోకాలు పాడుకాక ముందు నేనూ ఆడినవాణ్ణే. నాకు రాని ఆట వాడికి వచ్చింది. గడ్డిలో కూర్చుని పాదం నా ఒడిలో పెట్టేవాడు. మడమ దగ్గర పగులు, రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగు, పక్కన పాత మచ్చ. నా ముగ్గురు బిడ్డల పాదాలు ఎట్లా ఉంటాయో ఇంత బాగా చెప్పలేను.

జూలై 29, సోమవారం

గ్రౌండు చూసుకునే మల్లయ్యను జనం కొట్టబోయారట. మిల్లు స్పిన్నింగు ఖాతా వాళ్ళు ఆపారు.

దూది బేళ్ళకు చుట్టే ఇనుప పట్టీలు ఉంటాయి. సున్నం గీతలు వంకర పోకుండా మల్లయ్య ఆ ముక్కలు గ్రౌండు అంచున గుర్తుకు పాతిపెట్టేవాడు. వానకు మట్టి కొట్టుకుపోయి ఒకటి బయటికి తేలింది. తుప్పు పట్టినది. ఆ రోజు ప్రాక్టీసులో కరీం ఎడమ అరికాలు దాని మీద పడింది.

కాబట్టి మల్లయ్యే చంపాడని ఊరంతా అంటోంది. మౌలాబమ్మ ఆయన ఇంటి ముందుకు పోయి శాపనార్థాలు పెట్టిందట.

నేను విన్నాను. మందు పొట్లాలు కడుతూ విన్నాను.

జూలై 31, బుధవారం

రాయాలి. ఇంకెవరికీ చెప్పకపోయినా ఈ కాగితానికి.

జూలై పదకొండు, గురువారం. సాయంత్రం ఆరింటికి ఇద్దరు పట్టుకుని కరీంను డిస్పెన్సరీకి తెచ్చారు. నవ్వుతున్నాడు. కడిగాను, తుప్పు తీశాను, అయోడిన్ పెట్టాను. తరువాత ధనుర్వాతం సూది వెయ్యాలి. తుప్పు ఇనుముకు అది తప్పదని మొదటి సంవత్సరమే నేర్పుతారు. సీసా తీశాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"దేవన్నా, ఇప్పుడొద్దు. పోయినసారి ఏసినవు, యాదికున్నదా. ఒళ్ళంత వాచి మూడు దినాలు మంచంల పడ్డ. ఐతారం ఫైనలు. సోమారం పొద్దుగాల వచ్చి నేనే ఏపించుకుంట."

యాదికున్నది. రెండేళ్ళ కిందట ఈ సూదికే వాడి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ముఖం గుర్తుపట్టలేనంత వాచింది. అట్లాంటి ఒంటికి మళ్ళీ వేయాలంటే కొంచెం కొంచెంగా, డాక్టరుగారు పక్కనుండగా వేయాలి. డాక్టరుగారు ఆ సాయంత్రం హైదరాబాదులో ఉన్నారు. మర్నాడు వస్తారు. ఇవన్నీ నిజాలే. ఇవన్నీ చెప్పుకుని పడుకోవచ్చు.

కానీ శుక్రవారం డాక్టరుగారు వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు? చెబితే ఆయన ఊరుకోడు, సూది వేయిస్తాడు. కరీం మంచాన పడతాడు. ఫైనలు పోతుంది. అవతల హైదరాబాదు టీము. వాళ్ళ మీద మేం ఎన్నడూ గెలవలేదు.

నాకూ ఆ మ్యాచ్ కావాలి. అదీ సంగతి. వాడి కన్నా నాకే ఎక్కువ కావాలేమో.

అందుకని గురువారం సాయంత్రమే రిజిస్టరులో కరీం పేరు ఎదురుగా రాశాను. "ధనుర్వాతం సూది ఇవ్వబడినది." సోమవారం వేస్తే రాసినది నిజమైపోతుందనుకున్నాను. శుక్రవారం డాక్టరుగారు చూసి కింద సంతకం పెట్టారు.

ఆగస్టు 1, గురువారం

మిగిలింది కూడా.

ఆదివారం గెలిచాం. రెండు గోలులూ వాడే కొట్టాడు, రెండోది ఆ దెబ్బ తగిలిన కాలితో. భుజాల మీద ఎక్కించుకుని మట్టెవాడ దాకా తిప్పారు. నేనూ వెంట నడిచాను, సంచి చంకన పెట్టుకుని, గొంతు పోయేదాకా అరిచి. సోమవారం వాడు రాలేదు. నేను పిలవలేదు. మంగళవారం కట్టు మార్చుకోవడానికి వచ్చాడు. గాయం ఎండి అంచులు కలుస్తున్నాయి. ఇగ సూదెందుకన్నా, అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది. ఆ సీసాను మళ్ళీ అలమారలో పెట్టాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. అన్నం ముద్ద నోట్లోకి పోవడం లేదు, దవడ పట్టేసింది అన్నాడు. డాక్టరుగారు రిజిస్టరు తిప్పి చూశారు. సూది పడింది కాబట్టి అది కాదు, జ్ఞానదంతం అయ్యుంటుంది అన్నారు. పళ్ళ డాక్టరుకు చీటీ రాశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చేతిలో ట్రే ఉంది. నాకు తెలుసు. ఆ దవడ చూసిన క్షణమే నాకు తెలుసు.

చెప్పలేదు.

మధ్యాహ్నానికి నడుము విల్లులా వంగింది. మిల్లు లారీలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ వార్డు డాక్టరు సూది పడిందా అని అడిగితే మా డాక్టరుగారు పడిందన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నా అబద్ధాన్ని చదివారు.

సాయంత్రం అయిదింటికి, మా డాక్టరుగారు వెళ్ళిపోయాక, వార్డు డాక్టరు దగ్గరికి పోయి చెప్పాను. రాశాను సార్, వెయ్యలేదు అని. ఆయన నా ముఖం చూశాడు. తిట్టలేదు. వెంటనే నర్సును పిలిచి పనిలో పడ్డాడు.

తొమ్మిది నుంచి అయిదు.

ఆగస్టు 2, శుక్రవారం

దవాఖానలో ఆ మూడు రోజులు.

గది కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టారు. వెలుగు పడితే, చప్పుడు వినపడితే ఒళ్ళు మెలితిరిగి పోతుంది. చెంచా కిందపడినా చాలు. బయట వందల మంది జనం. ఎవరో పోయి చెప్పారు, మాట్లాడకండి అని. అంత జనం, మూడు రోజులు, చెప్పులు విడిచి చేత పట్టుకుని మెల్లగా నడిచారు.

మౌలాబమ్మ గుమ్మం దగ్గర కూర్చుంది. కొడుకును పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే వాడికి నొప్పి అవుతుందని. మంగళవారం ఊపిరి ఆగిపోయాక అప్పుడు పిలిచింది.

వార్డు డాక్టరును వరండాలో అడిగాను. శనివారం పొద్దుననే వేసి ఉంటే బతికేవాడా? ఆయన చేతులు తుడుచుకుంటూ, "చెప్పలేనండీ. అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు, కాకపోనూ వచ్చు" అన్నాడు. గురువారమే వేసి ఉంటే అని అడగలేదు. దానికి జవాబు నాకు తెలుసు.

ఆగస్టు 5, సోమవారం

మల్లయ్యను పనిలోంచి తీసేశారు. నోటీసు గేటు దగ్గర అంటించారు. నిర్లక్ష్యం అని రాశారు.

ఆగస్టు 6

అన్నం దగ్గర కూర్చుంటున్నాను. లేస్తున్నాను.

ఆగస్టు 8, గురువారం

ఇంట్లో, సుగుణకు చెప్పాను. చెప్పాలనుకుని కాదు. ఆమె అడిగింది. ఎందుకు తింటలేవు, ఆయన నీ తోడబుట్టినోడా, ఇన్ని దినాలు ఏందిది అని. చెప్పాను.

చేస్తున్న పని ఆపి గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరికి తెలుసు అని అడిగింది. వార్డు డాక్టరుకు తెలుసు, ఆయనకు ఖమ్మం బదిలీ అయింది అన్నాను.

"అయితే ఇగ చెప్పకు. నువ్వు చెప్తే కరీం లేచొస్తడా? నౌకరి పోతది, ఈ క్వార్టరు పోతది. ముగ్గురు ఆడపిల్లలను పట్టుకొని నేనేడికి పోవాలె?"

తప్పు మాట ఒక్కటీ లేదు.

మరి మల్లయ్య, అన్నాను. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆగస్టు 11, ఆదివారం

చర్చికి పోలేదు. తలనొప్పి అని పిల్లలకు చెప్పాను. అబద్ధాలు ఇప్పుడు తేలికగా వస్తున్నాయి.

ఆగస్టు 14, బుధవారం

మిల్లు షెడ్డులో సంతాప సభ. నన్ను వేదిక ఎక్కించారు. వద్దంటే వినలేదు. ఆరేళ్ళు ఆ పాదానికి పట్టీ కట్టిన చెయ్యి ఇది అని కార్యదర్శి నా చెయ్యి పైకెత్తి చూపించాడు. జనం ఏడ్చారు. మాట్లాడమన్నారు.

లేచాను. షెడ్డు నిండా మనుషులు. అందరి తలల మీద దూది నూగు, పని దిగి నేరుగా వచ్చినవాళ్ళు. చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కరీం, అన్నాను. తరువాత మాట లేదు. దుఃఖమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

కూర్చున్నాను.

వాడి పేరు మీద ఒక మ్యాచ్ పెడతారట, నలభై దినాల ఫాతెహా అయిన మర్నాడు. కరీం ఆడే లెఫ్ట్ ఇన్ స్థానం ఖాళీగా వదిలి పది మందే ఆడతారట.

ఆగస్టు 17, శనివారం

మల్లయ్య ఇంటికి పోయాను. ఎందుకు పోయానో తెలియదు. సామాను ఎడ్లబండికి ఎక్కిస్తున్నాడు. సొంతూరు వర్ధన్నపేట పక్కన, అన్న ఉన్నాడు, కూలికి పోతానన్నాడు.

నేను అడగకుండానే అన్నాడు.

"దినాం గా పట్టీలు చూసుకునేటోన్ని దేవన్నా. ఆ దినం చూడలే. బిడ్డకు జరమొచ్చిందని జల్ది ఇంటికి వచ్చిన. నా చేతులతోటే నేను వాన్ని చంపుకున్న."

అట్ల అనకు మల్లన్నా అన్నాను. బండి కదిలింది. ఆయన భార్య నా వైపు చూడలేదు. వెనక కూర్చున్న చిన్నది చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఆ మనిషి జీవితమంతా తానే చంపానని అనుకుంటాడు. చంపింది పట్టీ కాదు. పట్టీలు ప్రతిరోజూ ఎవరికో ఒకరికి గుచ్చుకుంటాయి, నేను సూది వేస్తాను, వాళ్ళు ఇంటికి పోతారు.

ఆగస్టు 20, మంగళవారం

డాక్టరుగారికి చెప్పాను. తలుపు వేయమన్నారు. వేశాను.

పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. ఆ పేజీలో నా సంతకం కూడా ఉంది దేవదానం, అన్నారు. ఆ శనివారం వాణ్ణి పళ్ళ డాక్టరుకు పంపింది నేనే, ఆ చీటీ మీద నా పేరే ఉంది, అన్నారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. ఇవాళ గొంతు లేదు. వదిలెయ్ అన్నారు. పోయినవాడు పోయాడు, మల్లయ్యకు ఇంకెక్కడన్నా పని చూద్దాం, నేను మాట్లాడతానన్నారు.

ఆయన్ని కూడా నేనే ఇందులోకి లాగాను.

ఆగస్టు 22, గురువారం

మౌలాబమ్మ ఇంటికి పోయాను.

ఆమె బీడీలు చుడుతోంది. ఒడిలో చేట, చేటలో ఆకు, తంబాకు. కత్తెరతో ఆకు కత్తిరిస్తోంది. కూర్చో బిడ్డా అంది. నలభై దినాలకు ఏం వండాలో, ఎంతమంది వస్తారో చెప్పుకుంటూ పోయింది. నీకు గోష్ కూరంటే ఇష్టం కదా, వాడు చెప్పేటోడు అంది. నేను కూర్చోలేదు.

"అమ్మా, సూది నేను ఎయ్యలే."

"ఏం సూది?"

"దెబ్బ తాకిన్నాడే ఎయ్యాలె. ఏసినట్టు రాసిన. ఎయ్యలే. దానికే ఇట్లయింది. పట్టీకి కాదు."

కత్తెర ఆగింది. చేట పక్కన పెట్టింది. ఒడి దులుపుకుంది. పొడి నేల మీద రాలింది.

"వాడు వద్దన్నడా?"

"అన్నడు. ఆట అయినంక ఏపించుకుంట అన్నడు."

"వాడు అంటడు. చిన్నప్పటిసంది సూదంటే గల్లీ దాటి ఉరికేటోడు." కత్తెర చేటలో పెట్టింది. "నువ్వు పెద్దోనివి గద బిడ్డా."

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. అల్లా రాత అనలేదు, నన్ను పొమ్మనలేదు. కొడుకు గురించి మాట్లాడుతున్నంత మెత్తగా ఆ మాట అంది. ఆమె నన్ను కొట్టి ఉంటే ఇంటికి నడిచి రాగలిగేవాణ్ణి. వాళ్ళ గుమ్మం ముందే కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

లేచేటప్పుడు వెనక నుంచి అడిగింది. మల్లయ్యను ఎందుకు తీసేసిండ్రు మరి? నేను వాన్ని తిట్టిన. వాని పెండ్లాన్ని సుత తిట్టిన. పిల్లలు సల్లగుండరని తిట్టిన.



ఆగస్టు 23, శుక్రవారం

పెద్దోనివి గద బిడ్డా.

ఆగస్టు 24, శనివారం

మేనేజరుగారికి ఉత్తరం రాసి ఇచ్చాను. మొత్తం. డాక్టరుగారు ఊళ్ళో లేని సంగతి, ఆయన నమ్మి సంతకం పెట్టిన సంగతి, తప్పు నాదొక్కడిదేనన్న సంగతి. మల్లయ్యను తిరిగి తీసుకోమని చివర రాశాను. గుమాస్తా ఉత్తరం తీసుకుని చదవకుండానే ముద్ర వేశాడు.

రాసేటప్పుడు తేలికపడతాననుకున్నాను. పడలేదు.

ఆగస్టు 27, మంగళవారం

సస్పెన్షను. విచారణ అయ్యేదాకా డిస్పెన్సరీలో అడుగు పెట్టొద్దు. తాళంచెవులు ఇచ్చేశాను. ఆ సూది సీసా అలమారలోనే ఉందని చూపించాను. మేనేజరుగారు దాన్ని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టి తాళం వేశారు.

సుగుణ అప్పటికే పెద్దదాని పుస్తకాలు ఒక పెట్టెలో సర్దుతోంది. ఇంకా ఖాళీ చేయమనలేదు కదా అన్నాను. అంటరు కదా, అంది.

ఊరికి తెలిసిపోయింది. పాలవాడు పాలు పోసి తల వంచుకుని పోయాడు. స్పిన్నింగు వాళ్ళు ఇద్దరు ఇంటి ముందు నిలబడ్డారు, చాలాసేపు. నేను బయటికి పోయాను. ఏమన్నా చేస్తారేమో, చేయనీ అనుకున్నాను. ఒకడు ఏడుస్తున్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఆగస్టు 29, గురువారం

మౌలాబమ్మ పక్కింటామెను తోడు తీసుకుని బస్సెక్కి వర్ధన్నపేట దాకా పోయి, అక్కడి నుంచి నడిచి మల్లయ్య అన్న ఇంటికి పోయిందట. నిన్న. ఆ పక్కింటామె సుగుణకు చెప్పింది. మల్లయ్య పొలంలో ఉంటే పిలిపించింది. తప్పైంది బిడ్డా, నా నోరు కాలిపోనీ అని, ఆయన పిల్లల తలలు నిమిరి, వాళ్ళు పెట్టిన సర్వపిండి తిని వచ్చిందట.

మళ్ళీ పనిలోకి రమ్మని మిల్లు నుంచి కబురు అందింది ఆయనకు. రాడట. నాకా గ్రౌండు మీద కాలు పెట్టబుద్ధి అయితలేదమ్మా అన్నాడట.

అంటే ఏం మారింది? ఆయన ఆ పట్టీ చూడకుండా వదిలేశాననే అనుకుంటున్నాడు. నేను ఎంత రాసినా ఆ ఇనుప ముక్క ఆయన లోపలే ఉంది.

ఆగస్టు 31, శనివారం

నలభై దినాలు. పిలుపు రాలేదు. ఎట్లా వస్తుంది.

మధ్యాహ్నం వాళ్ళ ఇంటి వైపు నుంచి మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. నేను కిటికీ వేసుకుని కూర్చున్నాను.

వాడి గొంతు గుర్తుంది ఇంకా. దేవన్నా జర గట్టిగ చుట్టు, అనేవాడు. నవ్వు గుర్తు తెచ్చుకోబోతే దవడ బిగిసిన ముఖం వస్తోంది. ధనుర్వాతంలో పెదవులు సాగి నవ్వినట్టే ఉంటుంది ముఖం. ఇప్పుడు వాడి ఏ నవ్వూ నాకు మిగల్లేదు. అన్నీ అదే.

సెప్టెంబరు 1, ఆదివారం

ఇవాళ మ్యాచ్. పోగూడదనుకున్నాను. ఇంట్లో ఉండలేక బయటపడ్డాను. నడుస్తూ నడుస్తూ గ్రౌండు వెనక గల్లీలోకి వచ్చాను. అక్కడ మౌలాబమ్మ ఇల్లు. వెనక్కి తిరగబోతుంటే గుమ్మంలోంచి చూసింది.

"మొదలైందా?"

మొదలైందమ్మా అన్నాను. విజిల్ ఇప్పుడే వినపడింది.

లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మళ్ళీ చేట ఒడిలో పెట్టుకుంది. నేను గుమ్మానికి ఇవతల రాయి మీద కూర్చున్నాను. గ్రౌండు గోడ అక్కడికి ఇరవై అడుగులు ఉంటుంది. జనం కేకలు మన పక్కనే ఉన్నట్టు వినపడతాయి. ఆమె తనకు తానే చెప్పుకున్నట్టు చెప్పింది. ఇన్నేళ్ళల్ల ఒక్కనాడు వాని ఆట చూడలేదట. ఆడవాళ్ళు పోయే చోటు కాదు. ఇక్కడే కూర్చుని బీడీలు చుట్టుకుంటూ వినేదట. కేకలు విని, ఇది వానిది, ఇది వేరేవాళ్ళది అని తెలుసుకునేదట. సాయంత్రం వాడు వచ్చి చెప్పకముందే ఎన్ని గోలులు కొట్టాడో తనే చెప్పేదట.

"ఇప్పుడు ఏమైతాంది?" అంది.

చప్పుడు వింటూ చెప్పాను. బంతి మనవాళ్ళ దగ్గర లేదమ్మా. అవతలి వైపు పోయింది. ఇప్పుడు కార్నరు. చెప్తూ ఉంటే నా నోరు నాకు అసహ్యం వేసింది. అయినా చెప్పాను. ఆమె వింటోంది. ఆకు కత్తిరిస్తోంది. ఎడమ వైపు ఎవరూ లేరు కదా, అటు బంతి పోతే ఎవరు తీసుకుంటరు, అని అడిగింది. ఎవరూ తీసుకోరమ్మా, బయటికి పోతది, అన్నాను.

అంతలో కేక. గోడ అదిరేటంత కేక. ఎప్పటి కేకో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. వాడు కొడితేనే వచ్చే కేక అది.

ఆమె చేతిలో పని ఆగిపోయింది.

"ఎవరు కొట్టిండ్రు?"

తెలియదమ్మా అన్నాను.

"పోయి చూసి రా."

లేచాను. గోడ దాకా పోయాను. గోడ పక్కన ఇటుకలు పడి ఉన్నాయి. రెండు ఇటుకల మీద నిలబడితే అవతలికి కనిపిస్తుంది. కాలు పైకెత్తాను. చూడనంతసేపు ఆ గోలు వాడిదే. దించాను. కేకలు ఇంకా ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె లేచి గుమ్మంలో నిలబడి ఉంది, కొంగు తల మీదికి లాక్కుని, నేను ఏం చెప్తానా అని నా వంకే చూస్తూ...